బోర్డు మీద మూడు అవతారాలు

ఇప్పటికీ మా ఇంటి ముందు మోటారు సైకిలు నెమ్మదించిందంటే నా చేతిలో పని ఆగిపోతుంది. వంకాయలు తరుగుతుంటే కత్తిపీట దగ్గర చెయ్యి నిలిచిపోతుంది. పేపరు చదువుతుంటే కళ్ళు అదే వాక్యం మీద ఉండిపోతాయి. బండి మళ్ళీ వేగం అందుకుని మలుపు తిరిగిందని చెవికి తెలిశాకే ఊపిరి వదులుతాను. నేను మొదటినుంచీ ఇంత పిరికివాణ్ణి కాదు. పాల్వంచ థర్మల్ స్టేషన్లో నీటి ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. బాయిలరు పక్కన నిలబడి మరిగే నీళ్ళు శాంపిలు పట్టిన చేతులివి. ఈ భయం మా ఇంట్లోకి ఒక ముక్కోటి పండుగ రోజుల్లో, మా కోడలు చెప్పిన పాఠంతో పాటు వచ్చింది.

మా కోడలు జీవశాస్త్రం టీచరు. భద్రాచలం రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి చెప్పేది. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, తండ్రి చర్చిలో సంఘ పెద్ద. మాది కోస్తా నుంచి దమ్మపేటకు వచ్చి భూములు కొనుక్కున్న రైతుల కుటుంబం. నా కొడుకు కూడా ప్లాంటులోనే షిఫ్టు డ్యూటీ. వాళ్ళిద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. నేను పొద్దున్నే దేవుడి గదిలో దీపం పెడతాను, ఆమె ఆదివారం చర్చికి వెళ్తుంది. మా ఆవిడ పోయాక వంట మేమిద్దరమే పంచుకున్నాం. మా మధ్య గొడవంటూ వస్తే పప్పులో చింతపండు దగ్గర వచ్చిందే తప్ప దేవుడి దగ్గర ఎప్పుడూ రాలేదు.

ముక్కోటికి ముందు భద్రాచలంలో రాముడికి రోజుకొక అవతారం అలంకరిస్తారు. మొదట మత్స్యం, మర్నాడు కూర్మం, ఆ తర్వాత వరాహం, అలా సాగుతుంది. మా వైపు పిల్లలకు అవతారాలు వరుసగా వచ్చేది పుస్తకంలోంచి కాదు, ఆ రోజుల్లోంచే. భద్రాచలం నుంచి బస్సులో స్కూలుకు వచ్చే పిల్లలు నిన్న ఏది చూశామో, ఇవాళ ఏది చూడబోతున్నామో చెప్పుకుంటూ బస్సు దిగుతారు. అదే వారంలో పదో తరగతిలో పరిణామం పాఠం వచ్చింది.

ఆ సాయంత్రం కోడలు చాలా హుషారుగా ఇంటికొచ్చింది.

"మామయ్యా, ఇవ్వాళ క్లాస్ మస్తు అయింది. మూడు రోజుల నుంచి కొట్టుకుంటున్న, ఒక్కరికి ఎక్కలే. ఇవ్వాళ గుడిల ఏ అలంకారమో చెప్పుండ్రి అన్న. వరాహం అని అరిసిండ్రు. బోర్డు మీద చేప, తాబేలు, పంది గీసిన. నీళ్ళల్ల బతికేది, నీళ్ళల్ల నేల మీద బతికేది, నేల మీద బతికేది. టక్కున అర్థమైంది."

నాకూ నచ్చింది. చాలామంది పెద్దలు ఆ పోలిక చెప్పగా విన్నవాణ్ణే. బోర్డు మీద పంది బొమ్మకు తోక వంకర ఎటు గీసిందో గాల్లో వేలితో చూపిస్తే నవ్వాను కూడా.

మర్నాడు మధ్యాహ్నం నాతో ల్యాబ్‌లో పనిచేసిన తమ్ముడు వచ్చాడు. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, ఉద్యోగంలో నాకు జూనియరు. వాళ్ళ మనవడు అదే స్కూల్లో, అదే క్లాసు. ఎప్పుడూ గేటు దగ్గర్నుంచే టీ పెట్టమని కేకేసుకుంటూ వచ్చేవాడు, ఆ రోజు చెప్పులు బయట విడిచి చప్పుడు చేయకుండా లోపలికి వచ్చాడు.

"అన్నా, కోడలు ఇంట్ల ఉన్నదా?"

"స్కూల్లో ఉంది. ఏం?"

"గిది జర చూడు."

ఫోన్లో చిన్న వీడియో. ఎవరో వెనక బెంచీలోంచి దొంగతనంగా తీసింది. బోర్డు మీద బొమ్మలు కనిపిస్తున్నాయి. ఒక పిల్లవాడి గొంతు, "మేడమ్, అంటే దేవుడు కూడా చేప నుంచే వచ్చిండా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. మా కోడలూ నవ్వింది. "పాఠం ప్రకారం మనమందరం అక్కడి నుంచే వచ్చినం, కూర్చో" అంది. అంతే, వీడియో అక్కడ తెగిపోయింది. దాని కింద రాసిన మాట రెండుసార్లు చదివాను. క్రైస్తవ టీచరు మన దేవుళ్ళను జంతువులన్నదని, పిల్లల చేత నవ్వించిందని రాశారు. స్కూలు పేరుంది. ఆమె పేరుంది.

"గీమెకు చేపే దొరికిందా అన్నా? కప్పతోటి చెప్తే సరిపోవు గదా. కప్పకు ఎవడూ దండం పెట్టడు" అన్నాడు తమ్ముడు. అతను నవ్వించాలనే అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

"నీకెవరు పంపారు?"

"ఎవరు పంపలేదో అడుగు."

కోడలు వచ్చేసరికి ఆమె ఫోనుకూ చేరింది. సంచి కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడి చూసింది. అదే సాయంత్రం వియ్యంకుడు వచ్చాడు. "వందనాలు బావగారూ" అని కూర్చుని చాలాసేపు మంచినీళ్ళ గ్లాసు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. వాళ్ళ చర్చి గ్రూపులో ఇదే వీడియో వేరే మాటలతో తిరుగుతోంది.

"పోయిన ఆదివారం ముందల నిలబడి పాట పాడిన పిల్ల, బడిల అవతారాల పాఠం చెప్తదా అంటున్నరు. ఇంగో ఆయన, మనిషి కోతి నుంచి పుట్టిండని ఎట్ల చెప్తది అని అడిగిండు. రెండిట్ల దేనికి జవాబు చెప్పాలె బిడ్డా?"

"కోతి అని నేను అననే లేదు నాన్నా."

"అనకపోతే ఏంది, పుస్తకంల ఉన్నది గదా."

"పుస్తకంల కూడా గట్ల లేదు."

"నాకు చెప్తే ఏం లాభం?" అని ఆయన నావైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నాకున్న భయమే ఆయనకూ ఉంది. ఆ సంగతి నాకు ఇంకా భయం పుట్టించింది.

నేను చిన్నప్పటినుంచీ డైరీ రాసేవాణ్ణి. మొదట వాతావరణం, తర్వాత నీళ్ళు వచ్చిన సంగతి, ఎవరొచ్చారు, ఎవరెళ్ళారు. ఆ వారం మొదటిసారిగా డైరీలో మనుషుల పేర్లు రాయడం మానేశాను. ఎవరైనా లోపలికి వచ్చి చదువుతారని కాదు. పేరు రాయబోతే చెయ్యి వెనక్కి వచ్చేది. ఇక్కడా రాయడం లేదు. తెల్లవారి కిరాణా కొట్టుకు వెళ్తే, ఎవరో కుర్రాళ్ళు బండి మీద వచ్చి టీచరమ్మ ఇల్లెక్కడని అడిగారని కొట్టతను చెప్పాడు. "నేను చెప్పలే సార్, వాళ్ళే కనుక్కుంటరు లెండి" అన్నాడు. ధైర్యం చెప్పానని అతని ఉద్దేశం.

ఇంటికొచ్చి స్క్రూడ్రైవరు తీసుకుని గేటు పక్కన ఉన్న పేరు పలక విప్పాను. అది పెళ్ళైన కొత్తలో నా కొడుకు చేయించింది. పైన వాడి పేరు, కింద ఆమె పేరు, పేరు పక్కన ఆమె డిగ్రీలు. వాడి పేరు పక్కన ఏ డిగ్రీ వేయించుకోలేదు, ఆమెవి మాత్రం పెద్ద అక్షరాల్లో వేయించాడు. ఒక స్క్రూ తుప్పు పట్టి రాలేదు. దాన్ని తిప్పుతూ ఉంటే రోడ్డు మీద బండి శబ్దమైతే చాలు, పలకకు వీపు అడ్డం పెట్టి నిలబడ్డాను. సాయంత్రం కోడలు వచ్చి ఖాళీ గోడ చూసింది.

"రంగు వేయిద్దామని తీశానమ్మా" అన్నాను.

"మంచిది మామయ్యా" అంది. ఆ గోడకు రంగు వేయించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అది మా ఇద్దరికీ తెలుసు.

నా కొడుకు డ్యూటీ నుంచి రాగానే ఒకటే మాట. "మానెయ్. ఇంకో స్కూలు చూసుకో. పిల్లలకు చేప సంగతి తెలియకపోతే ఎవరు చస్తరు?" ఆమె కంచంలో అన్నం వడ్డించింది. వాడు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు.

శనివారం స్కూల్లో మీటింగు పెట్టారు. నేనూ వెంట వెళ్ళాను. స్కూలు నడిపే కరస్పాండెంటు గదిలో గుడికి వెళ్ళే తల్లిదండ్రులూ, చర్చికి వెళ్ళే తల్లిదండ్రులూ కూర్చుని ఉన్నారు. తమ్ముడు వచ్చాడు, వియ్యంకుడు వచ్చాడు. మామూలుగా అయితే ఒకే బెంచీ మీద కలిసి కూర్చోనివాళ్ళు ఆ రోజు భుజాలు రాసుకుని కూర్చున్నారు. మా కోడలికి ఎదురుగా ఒకే వరసలో.

కరస్పాండెంటు చెడ్డవాడు కాదు. ఆయనకూ చెమటలు పడుతున్నాయి. "సీబీఎస్ఈ వాళ్ళ ఢిల్లీ పుస్తకాలల్లనే పదో తరగతికి ఈ పాఠం తీసేసిండ్రు. మన స్టేట్ పుస్తకంల ఉన్నది కాబట్టి మనకీ తిప్పలు. ఎవరి మనసు నొచ్చుకోకుండ ఒక మాట రాసిన. సోమవారం ప్రేయర్ల మేడమ్ మైకుల చదువుతరు. గంతే, అయిపోతది" అని ఒక కాగితం తీశాడు.

జీవులన్నిటినీ ఒక గొప్ప తెలివి ముందే ఆలోచించి, ఇప్పుడు ఏ రూపంలో ఉన్నాయో ఆ రూపంలోనే తయారుచేసిందని, పరిణామం కొందరి అభిప్రాయం మాత్రమేనని అందులో ఉంది. మొదట ఆయన భగవంతుడు అని రాశాడట. చర్చి వాళ్ళు ఒప్పుకోలేదు. సృష్టికర్త అని మారిస్తే ఇవతలివాళ్ళు అది బైబిలు మాటలా ఉందన్నారు. అప్పుడు శక్తి అని పెట్టాడు. ఒక తండ్రి లేచి, "శక్తి అంటే అమ్మవారు గదా సార్, మా చర్చి అయ్యగారు ఊకోడు" అన్నాడు. చివరికి తెలివి దగ్గర అందరూ ఆగారు. పేరు లేని దేవుడి మీద అందరికీ సమ్మతి కుదిరింది.

"రేపు పరీక్షల క్వశ్చన్ వస్తే పిల్లలు ఏం రాయాలె సార్?" అని కోడలు అడిగింది.

"పరీక్షల పరిణామమే రాయాలె. మార్కులు పోతయి గదా. మనసుల గిది పెట్టుకోవాలె."

ఎవరూ నవ్వలేదు. అందరూ తలలూపారు. వెనక నుంచి ఎవరో, "చదవకపోతే బయట ఉన్నోళ్ళకు మేం చెప్పలేం, ముందే చెప్తున్నం" అన్నారు. ఆ గొంతు ఎవరిదో నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆ మొహం గుర్తుంటుంది, బజారులో కనబడుతుంది, నమస్కారం పెట్టాల్సి వస్తుంది.

ఆదివారం ఆమె చర్చికి వెళ్ళలేదు. చిక్కుడుకాయలు ముందు వేసుకుని ఈనెలు తీస్తూ కూర్చున్నాం. నేనే కదిపాను.

"చదివెయ్యమ్మా. రెండు ముక్కలు. నోటితో చదివినంత మాత్రాన నువ్వు నమ్మినట్టు కాదు."

ఆమె చిక్కుడుకాయ విరిచి పురుగు ఉందేమో చూసి గిన్నెలో వేసింది. "మామయ్యా, ల్యాబ్‌ల మీరు ఎన్నడన్నా రాని రీడింగు వచ్చినట్టు రాసిండ్రా?"

"లేదు."

"రాయమని ఎవరూ అడగలేదా?"

"అడిగారు. యూనిట్ ఆపాల్సి వస్తుందంటే అడగకుండా ఉంటారా?"

"భయం కాలేదా?"

"అయింది. రాస్తే బాయిలరు ట్యూబు పగిలి కింద ఉన్నవాడు కాలిపోతాడని అంతకంటే ఎక్కువ భయమైంది."

ఆమె తలూపి ఇంకో కాయ అందుకుంది. నేను ఆమెకు ధైర్యం ఇవ్వాలని ఆ మాట అనలేదు. అడిగింది కాబట్టి ఉన్నది చెప్పాను.  ఆ కాగితం ఆమె చదవదని నాకు అప్పుడే అర్థమైంది.

సోమవారం పొద్దున మంచు దట్టంగా ఉంది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ఆమెతో పాటు నేనూ ఆటో ఎక్కాను. వద్దంది, నేను విననట్టు కూర్చున్నాను. స్కూలు ఎదురుగా జిరాక్స్ షాపు దగ్గర ఆగిపోయాను. గేటు బయట బండ్లు ఉన్నాయి. కుర్రాళ్ళు బండ్ల మీదే కూర్చుని టీ తాగుతున్నారు. ఒకడు ఫోను గేటు ఊచల మధ్య నుంచి లోపలికి పెట్టి తీస్తున్నాడు. మా కోడలు వాళ్ళ పక్కనుంచే లోపలికి వెళ్ళింది. వాళ్ళు దారిచ్చారు. ఆమె వెళ్ళాక ఒకడు ఏదో అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. ఏమన్నాడో వినిపించలేదు. వినిపించి ఉంటే నేనేం చేసేవాణ్ణో తెలియదు, ఏమీ చేయకపోయేవాణ్ణేమో.

ప్రార్థన అయింది. మైకులో ఆమె గొంతు వచ్చింది. 

"పోయిన వారం నేను బోర్డు మీద చేప, తాబేలు, పంది గీసి పాఠం చెప్పిన. అది నా తప్పు. గుడిల ఉన్నది మీ భక్తి. దాన్ని తెచ్చి బోర్డు మీద పెట్టే హక్కు నాకు లేదు. ఎవరి మనసు నొచ్చుకున్నా సారీ."

బయట కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఫోను పట్టుకున్నవాడు చెయ్యి దించి, స్క్రీను చూసుకుని, ఏదో నొక్కాడు. పక్కవాడి మొహం ముందు ఫోను పెట్టి చూపిస్తున్నాడు. లోపల ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"పాఠంల కూడా అది తప్పే. చేప తాబేలు కాలేదు, తాబేలు పంది కాలేదు. జీవులు మెట్ల లెక్క ఒకదాని మీద ఒకటి ఎక్కి రాలేదు, కొమ్మల లెక్క చీలి వచ్చినయి. నేను మీకు తప్పు బొమ్మ చూపించిన. రేపు సరైన బొమ్మ గీస్త."

మైకులో కాగితం చప్పుడు వినిపించింది. నా చేతికి జిరాక్స్ షాపు బల్ల అంచు దొరికితే పట్టుకున్నాను.

"ఈ కాగితం చదవమన్నరు. ఇందుల ఉన్నది చానమంది నమ్మే మాట. నేనూ దేవుణ్ణి నమ్ముత, పొద్దుమాపు ప్రార్థన చేస్త. కానీ ఇది సైన్స్ టీచరు సైన్స్ అని చెప్పి చదివే మాట కాదు. అందుకని చదువుతలేను."

వెంటనే ఎవరో జాతీయ గీతం మొదలుపెట్టించారు. కరస్పాండెంటే అయి ఉంటాడు. ఆ గీతం వినబడగానే గేటు బయట కుర్రాళ్ళు టీ కప్పులు కింద పెట్టి, బండ్లు దిగి, నిటారుగా నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. రోడ్డుకు ఆ పక్క వాళ్ళు, ఈ పక్క నేను, ఒకరి మొహం ఒకరం చూస్తూ కదలకుండా నిలబడ్డాం. నేను ఎప్పుడూ ఆ పాట అయిపోకూడదని కోరుకోలేదు, ఆ రోజు కోరుకున్నాను. అయిపోయింది. ఒకడు, "సారీ అయితే చెప్పింది గదరా, పా" అన్నాడు. బండ్లు కదిలాయి.

మధ్యాహ్నానికి కొత్త వీడియో వచ్చింది. టీచరు క్షమాపణ చెప్పిందని, మన దెబ్బకు దిగివచ్చిందని రాసి పంచుకున్నారు. సారీ అన్న మాట దగ్గర అది తెగిపోయింది. ఆ తర్వాత ఆమె అన్న మాటలు అందులో లేవు. చర్చి గ్రూపులో కూడా ఆమె తప్పు ఒప్పుకుందని సంతోషించారు. తమ్ముడు వచ్చి, గేటు దగ్గర్నుంచే టీ పెట్టమని కేకేశాడు. "బతికిపోయినం అన్నా. సగం వీడియో ముంచింది, సగం వీడియో తేల్చింది" అన్నాడు.

వియ్యంకుడు మాత్రం ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. "బావగారూ, మిగతా సగం ఎవరన్న తీసిండ్రంటారా?"

ఆ ప్రశ్న నేను అప్పటికే పొద్దుటి నుంచీ నాలో వేసుకుంటున్నాను. మైదానంలో అంతమంది పిల్లలు, టీచర్లు, కిటికీల దగ్గర ఆయాలు. ఎవరి ఫోన్లోనో అది ఉండే ఉంటుంది. ఎవరికీ పని పడక పడి ఉంటుంది. ఏదో ఒక రోజు, ఏదో ఒక కోపంలో, ఎవరో దాన్ని పైకి తీస్తారు. "ఎవరూ తీయలేదు లెండి" అన్నాను. ఆయన నమ్మినట్టు తలూపాడు.

కరస్పాండెంటు ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. పదో తరగతి తీసేసి ఆరో తరగతి ఇచ్చాడు. వేరు, కాండం, ఆకు, పువ్వు. "వేళ్ళ జోలికి ఎవరూ రారు మేడమ్" అన్నాడట. సరైన బొమ్మ గీస్తానని చెప్పిన పిల్లలకు ఆమె ఆ బొమ్మ గీయలేకపోయింది. కొడుకు తేలికపడ్డాడు. నేనూ తేలికపడ్డానని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. పేరు పలక మాత్రం ఇంకా నా మంచం కింద పాత దుప్పట్లో చుట్టి ఉంది. ఎప్పుడు పెడదామని ఆమె అడగలేదు, నేను ఎత్తలేదు.

మొన్న సాయంత్రం ఆమె చాలా రోజుల తర్వాత మళ్ళీ ఆ హుషారుతో ఇంటికొచ్చింది. టీ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"మామయ్యా, ఇవ్వాళ విత్తనాల పాఠం చెప్తున్న. పినపాక దిక్కు నుంచి వచ్చి హాస్టల్ల ఉండే పిల్ల ఒకతి ఉన్నది, ఎన్నడూ నోరు తెరవదు. ఇవ్వాళ లేచి, మేడమ్, చెట్టు గింజ నుంచి వస్తది, గింజ చెట్టు నుంచి వస్తది, మరి అన్నిటికంటే మొదట ఏది ఉండె అని అడిగింది. ఎంత మంచి ప్రశ్న చూడుండ్రి. అప్పటికి గంట కొట్టిండ్రు, అయినా ఒక్కరు లేవలే. కూసోబెట్టి మొత్తం చెప్పిన. కొమ్మల బొమ్మ కూడా గీసిన."

ఆమె ఏం చెప్పిందో, ఆ పిల్లకు ఎలా అర్థమైందో, కొమ్మల బొమ్మ ఎలా గీసిందో నేను అడగాల్సింది. ఆమె కళ్ళు అదే అడగమంటున్నాయి. నా నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే.

"క్లాసులో ఎవరి దగ్గరన్నా ఫోను ఉందా అమ్మా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. టీ గ్లాసు గట్టు మీద పెట్టింది. వెనక బెంచీలో ఎవరెవరు కూర్చున్నారో ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ అక్కడే నిలబడిపోయింది.